సొంత వైన్‌తో ఓడెక్కితే నిజంగా మిగిలేది ఎంత?

ప్రశ్న: వచ్చే నెల ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ ఒక క్యాబిన్‌లో. అక్క, బావగారు పక్క క్యాబిన్‌లో. అమ్మ తాగదు. మిగతా నలుగురం రాత్రి భోజనంతో తలా ఒక గ్లాసు వైన్ తీసుకుంటాం, అంతకు మించి లేదు. ఓడలో సీసాల ధరలు చూస్తే గుండె గుభేలుమంది. ఎనిమిది సీసాలు సూట్‌కేసులో సర్దేద్దాం, సగానికి సగం మిగులుతుందని బావగారు అంటున్నారు. కానీ సొంత సీసాకి కార్కేజ్ అని 15 డాలర్లు కట్టాలట. క్యాబిన్‌లో తాగితే కట్టక్కర్లేదని ఒకరు, ఓడెక్కేటప్పుడే వసూలు చేస్తారని ఇంకొకరు చెబుతున్నారు. అన్నీ పోను మాకు మిగిలేది ఎంత? మా పదో పెళ్లిరోజు కూడా ఓడలోనే పడుతోంది. దానికోసం చాన్నాళ్లుగా దాచిన మంచి రెడ్ వైన్ సీసా ఒకటుంది. తీసుకెళ్లాలా వద్దా? ఇంకో మాట, బావగారు విస్కీని మౌత్‌వాష్ సీసాలో పోసి తెస్తానంటున్నారు. అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ ఎనిమిది సీసాల సంగతి తేల్చేద్దాం. మీకు అన్ని అక్కర్లేదు. 750 మి.లీ. సీసాలో 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. నలుగురు, ఏడు రాత్రులు, తలా ఒకటి అంటే 28 గ్లాసులు. ఆరు సీసాలతో సరిపోయి ఇంకా రెండు గ్లాసులు మిగులుతాయి. సొంత వైన్ తీసుకెళ్లేవాళ్ల లెక్క తప్పేది చాలావరకు ఇక్కడే. ఫీజు గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు కానీ, ఎన్ని గ్లాసులు తాగుతామో మాత్రం కూర్చుని లెక్కేసుకోరు. చివరి రోజు తెరవని సీసాలు రెండు మిగిలితే వాటి ఖరీదు, మోసిన బరువు, కొన్ని ఓడల్లో వాటికి కట్టిన ఫీజు అన్నీ దండగే.

ఇక కార్కేజ్. మీకు ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరూ వేర్వేరు కంపెనీల ఓడలెక్కి ఉంటారు. మీరు ఏ కంపెనీలో బుక్ చేసుకున్నారో ఉత్తరంలో రాయలేదు. జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ప్రధానమైన పద్ధతులు చెబుతాను, మీది ఏదో పోల్చుకోండి.

ఎక్కువ మందికి ఎదురయ్యేది కార్నివాల్ కంపెనీ తరహా. వయసు అర్హత ఉన్న ప్రతి ప్రయాణికుడూ సీలు తీయని 750 మి.లీ. వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి తీసుకెళ్లవచ్చు. అదీ ఓడెక్కే మొదటి రోజు మాత్రమే, చేతి సంచిలో మాత్రమే. దాన్ని క్యాబిన్‌లో తెరిచి తాగితే పైసా కట్టక్కర్లేదు. డైనింగ్ హాల్‌కో బార్‌కో తీసుకెళ్లి తెరిపించుకుంటే సీసాకి 15 డాలర్లు. ఈ ఫీజు ఒకప్పుడు 10 ఉండేది. క్యాబిన్‌లో తాగితే కట్టక్కర్లేదని మీకు చెప్పినవాళ్లు ఈ తరహా ఓడలో వెళ్లి ఉంటారు.

నార్వీజియన్ పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ వైన్ సీసాలు ఇన్నే అని పరిమితి పెట్టరు, కానీ ప్రతి సీసాకీ ఓడెక్కే చోటే డబ్బు తీసుకుంటారు. 750 మి.లీ. సీసాకి 15 డాలర్లు, లీటరున్నర సీసాకి 30. ఆ తర్వాత క్యాబిన్‌లో తాగినా, డైనింగ్ హాల్‌లో తాగినా, అసలు తెరవకపోయినా తేడా లేదు. బావగారి ఎనిమిది సీసాలకి గట్టు మీదే 120 డాలర్లు కట్టాలన్నమాట.

ప్రిన్సెస్, హాలండ్ అమెరికా ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. మనిషికి ఒక సీసా క్యాబిన్‌లో తాగడానికి ఉచితం. అంతకు మించి తెచ్చిన ప్రతి సీసాకీ, ఎక్కడ తాగినా సరే, 20 డాలర్లు. డిస్నీ కూడా సొంత వైన్ సీసాలు కొన్ని తెచ్చుకోనిస్తుంది. కానీ భోజనాల హాల్లో తెరిస్తే అక్కడి ఫీజు మిగతావాళ్లకన్నా ఎక్కువే. వైకింగ్ అసలు కార్కేజే తీసుకోదు. ఎంఎస్‌సీ అయితే బయటి మద్యాన్ని ఓడలోకే రానివ్వదు. మీది ఎంఎస్‌సీ అయితే ఈ లెక్కలన్నీ వదిలేసి ప్యాకేజీల గురించి రాసిన చోటికి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఓడల మీద మామూలు వైన్ గ్లాసు 12 డాలర్లు, మామూలు సీసా 40 డాలర్లు అనుకుందాం. మీ ఓడ మెనూలో ఉన్న అంకెలు ఇందులో వేసుకుని మళ్లీ కట్టుకోండి. ఈ ధరల మీద సర్వీస్ చార్జీ అదనం, చాలా కంపెనీల్లో అది 18 నుంచి 20 శాతం. చాలామంది దీన్ని మరిచిపోతారు. 18 శాతమే వేసుకున్నా 12 డాలర్ల గ్లాసు 14.16 అవుతుంది, 40 డాలర్ల సీసా 47.20 అవుతుంది.

మీ 28 గ్లాసులూ విడివిడిగా తెప్పించుకుంటే దాదాపు 396 డాలర్లు. అదే వైన్‌ని ఓడలోనే ఆరు సీసాలుగా కొంటే 283. సొంత వైన్ మాట రాకముందే వంద డాలర్లకి పైగా ఇక్కడే తగ్గింది చూడండి. నలుగురూ రోజూ ఒకే టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు గ్లాసుల లెక్కన తెప్పించుకోవడంలో అర్థం లేదు. సీసాలో ఒక గ్లాసు మిగిలిపోతే ఏం చేయాలని అడుగుతారేమో. వెయిటర్‌కి చెబితే మళ్లీ మూత బిగించి, మీ క్యాబిన్ నంబరు రాసిన చీటీ కట్టి, మర్నాడు రాత్రి అదే సీసా మీ టేబుల్‌కి తెస్తారు. అందుకు డబ్బు తీసుకోరు.

ఇప్పుడు సొంత సీసాలు. బయట సీసా 15 డాలర్లకి కొన్నారనుకుందాం. కార్నివాల్ తరహా ఓడలో మీ నలుగురికీ నాలుగు సీసాలు అనుమతి. కొన్న ఖరీదు 60 డాలర్లు. అవి ఇరవై గ్లాసులు. మిగతా ఎనిమిది గ్లాసుల కోసం ఓడలో రెండు సీసాలు కొంటే ఇంకో 94. సొంత సీసాలు నాలుగూ క్యాబిన్‌లోనే తెరిస్తే మొత్తం 154 డాలర్లు, అంటే అన్నీ ఓడలో సీసాలుగా కొన్నదానికన్నా 129 తక్కువ. అవే నాలుగూ డైనింగ్ హాల్‌లో తెరిపిస్తే కార్కేజ్ 60 కలిసి 214, మిగిలేది 69. నార్వీజియన్ తరహాలో ఆరు సీసాలు తీసుకెళ్తే ఖరీదు 90, ఫీజు 90, మొత్తం 180. మిగిలేది 103. బావగారి మాట విని ఎనిమిది తీసుకెళ్తే 240 అవుతుంది, మిగిలేది 43కి పడిపోతుంది. ఆ రెండు అదనపు సీసాలు మింగింది 60 డాలర్లు.

కాబట్టి సగానికి సగం అన్న మాట పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ఓడ గ్లాసు ధరతో పోలిస్తే సగానికి అటూ ఇటూగా మిగులుతుంది. ఓడ సీసా ధరతో పోలిస్తే, అదీ అందరూ కలిసి భోజనాల హాల్లో తాగేట్టయితే, వారానికి నలుగురి మీద డెబ్భై డాలర్లు. ఆ డెబ్భై కోసం సీసాలు మోయడం మీకు ఇష్టమేనా అన్నది మీరు తేల్చుకోవాలి. నన్నడిగితే ఉచితంగా అనుమతించే నాలుగు సీసాలూ తప్పకుండా తీసుకెళ్లండి, ఫీజు కట్టి అంతకు మించి మోయకండి.

అయితే ఏ నాలుగు అన్నది ముఖ్యం. కార్కేజ్ అనేది సీసాకి ఇంత అని ఉంటుంది, సీసా విలువలో ఇంత శాతం అని ఉండదు. పది డాలర్ల వైన్‌కీ 15, అరవై డాలర్ల వైన్‌కీ 15. ఓడవాళ్లు అమ్మే ధర మాత్రం అలా ఉండదు. బయటి ధరకి రెండింతలో మూడింతలో వేస్తారు, దాని మీద సర్వీస్ చార్జీ. కాబట్టి చవక సీసాకి కార్కేజ్ కట్టడమంటే వైన్ కన్నా ఎక్కువ ఫీజు కట్టడమే. మంచి సీసాకి కడితే ఆ 15 లెక్కలోకి రాదు. బయట 30 డాలర్లకి దొరికే వైన్ తీసుకోండి. ఓడలో దాన్ని రెండున్నర రెట్లకి, 75 డాలర్లకి అమ్మితే సర్వీస్ చార్జీతో 88 దాటుతుంది. మీరు తీసుకెళ్లి డైనింగ్ హాల్‌లో తెరిపిస్తే 45. ఒక్క సీసా మీదే 43 డాలర్ల తేడా. అదే 10 డాలర్ల వైన్ అయితే ఓడలో 25కి అమ్మినా సర్వీస్ చార్జీతో 29.50, మీరు తీసుకెళ్లి తెరిపిస్తే 25. తేడా నాలుగున్నర డాలర్లు. చాలా ఓడల్లో అంత చవక సీసా మెనూలోనే ఉండదు, అది వేరే సంగతి.

అందుకే మీ పెళ్లిరోజు సీసా విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. తీసుకెళ్లండి. ఫీజు కట్టండి. టేబుల్ దగ్గరే తెరిపించండి. ఇన్నాళ్లు దాచుకున్న వైన్‌ని 15 డాలర్ల కోసం క్యాబిన్‌లో పళ్లు తోముకునే గ్లాసుల్లో పోసుకుని మంచం అంచున కూర్చుని తాగితే మీ ఇద్దరికీ మనసుకి పట్టదు. డైనింగ్ హాల్‌లో మీరు కట్టేదానికి మీకు దక్కేవి ఉన్నాయి: సరైన గ్లాసులు, కార్కు విరగకుండా తీసే చెయ్యి, భోజనం అయ్యేదాకా పోసే మనిషి. పాత రెడ్ వైన్ అంటున్నారు కాబట్టి అడుగున మడ్డి పేరుకుని ఉండవచ్చు. ప్రయాణంలో అది కలిసిపోతుంది. ఓడెక్కిన రోజే అల్మరా మూలలో నిలువుగా పెట్టి, దొర్లకుండా చుట్టూ బూట్లు సర్దండి. కనీసం ఒక రోజంతా కదపకండి. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి ఫలానా రాత్రి ఈ సీసా తెస్తాం అని చెప్పి ఉంచితే, ఆ రోజు మడ్డి కదలకుండా నెమ్మదిగా పోయడానికి ఎవరైనా తెలిసినవాళ్లని పంపుతారు. ఫీజు అక్కడికక్కడ ఇవ్వక్కర్లేదు, చీటీ మీద సంతకం పెడితే మీ ఓడ ఖాతాలో పడుతుంది. దాని మీద సర్వీస్ చార్జీ వేస్తారా అని సంతకం పెట్టేముందే అడగండి.

మిగతా మూడు సీసాలు క్యాబిన్ కోసం ఉంచుకోండి. వాటికి స్క్రూ మూత ఉన్నవి కొనండి. కార్కు ఉన్న సీసాని ఓపెనర్ లేక బార్‌కి తీసుకెళ్తే, అక్కడ తెరిచినందుకు కార్కేజ్ వేసే అవకాశం ఉంటుంది. స్క్రూ మూత ఉన్నంత మాత్రాన డైనింగ్ హాల్‌లో ఫీజు తప్పదు, అది కూడా గుర్తుంచుకోండి. పెట్టెల్లో వచ్చే వైన్ ఒప్పుకోరు, గాజు సీసానే ఉండాలి. క్యాబిన్ చూసుకునే అటెండెంట్‌ని నాలుగు వైన్ గ్లాసులు, ఒక ఐస్ బకెట్ అడగండి, మొహమాటపడకండి. క్యాబిన్‌లో ఉండే చిన్న ఫ్రిజ్‌లు చాలావాటిలో వైట్ వైన్ చల్లబడేంత చల్లదనం ఉండదు, ఐసే దిక్కు. భోజనానికి వెళ్లేముందు క్యాబిన్‌లో ఒక గ్లాసు పోసుకుని, దాన్ని చేతిలో పట్టుకుని డైనింగ్ హాల్‌కి నడిచేవాళ్లు చాలామంది. ఫీజు తెరిచే సీసాకి గానీ చేతిలో గ్లాసుకి కాదు కాబట్టి చాలాచోట్ల ఎవరూ పట్టించుకోరు. మీ లెక్కలో రాత్రికి తలా ఒక గ్లాసే కదా, ఇది మీకు చక్కగా సరిపోతుంది.

ఇంత చిన్న సీసా దగ్గర కూడా డబ్బు గుంజాలా అని మీ బావగారికి కోపం వస్తుండవచ్చు. ఆ కంపెనీల ఆదాయం ఎలా వస్తుందో చూస్తే కారణం తెలుస్తుంది. కార్నివాల్ మాతృసంస్థ కార్నివాల్ కార్పొరేషన్ 2023లో సుమారు 2,160 కోట్ల డాలర్ల ఆదాయం చూపింది. అందులో టికెట్ల మీద వచ్చింది సుమారు 1,407 కోట్లు. మిగతా 750 కోట్ల పైచిలుకు ఓడ మీద, ఓడ చుట్టూ జరిగే ఖర్చుల నుంచి వచ్చింది: మద్యం, కేసినో, రేవుల్లో తిప్పి చూపించే టూర్లు, ఇంటర్నెట్, దుకాణాలు, ఇలాంటివన్నీ. టికెట్ ధర అంత అందుబాటులో ఉండటానికి ఈ మూడో వంతు ఆదాయమే ఒక కారణం. అందుకే బయటి సీసా ఓడలోకి వస్తుంటే వాళ్లకి ఒక అమ్మకం పోతున్నట్టే. డైనింగ్ హాల్‌లో తెరిచే సీసాకి ఫీజు తీసుకోవడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది, అక్కడ పని చేసేది వాళ్లు, గ్లాసులు కడిగేది వాళ్లు. క్యాబిన్‌లో మనమే తెరుచుకుని, మనమే పోసుకునే సీసాకి, చివరికి తెరవని సీసాకి కూడా ఫీజు వసూలు చేయడం మాత్రం న్యాయం కాదనే అంటాను. అది నచ్చనివాళ్లు అలాంటి ఓడ ఎక్కేముందే ఈ ఖర్చు కూడా టికెట్‌లో కలిపి చూసుకోవాలి.

ఇక డ్రింక్స్ ప్యాకేజీ, అంటే రోజుకి ఇంత అని ముందే కట్టేసి, తాగే ప్రతి గ్లాసుకీ విడిగా కట్టక్కర్లేని పద్ధతి. బుకింగ్ అయిన దగ్గర్నుంచి మీకు దాని గురించి మెయిల్స్ వస్తూనే ఉంటాయి. రోజుకి 70 డాలర్లు, దాని మీద 18 శాతం అనుకోండి, 82.60 అవుతుంది. 14.16 చొప్పున చూస్తే రోజుకి ఆరు గ్లాసులు తాగితే గానీ గిట్టదు. రాత్రికి ఒక గ్లాసు తాగేవాళ్లకి అది ఏ రకంగానూ పనికిరాదు. పైగా కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి చోట్ల ఒకే క్యాబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ క్యాబిన్‌లోని పెద్దవాళ్లందరూ కొనాలన్న నిబంధన ఉంది. అమ్మగారు మీ క్యాబిన్‌లోనే ఉంటున్నారు. మీరు ఒక్కరు కొన్నా, తాగని ఆమెకి కూడా వారానికి 578 డాలర్లు కట్టాల్సి రావచ్చు. వైద్య కారణాల లాంటివి చెప్పి మినహాయింపు అడగవచ్చు గానీ ఇస్తారన్న భరోసా లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్యాకేజీలో సాధారణంగా కార్కేజ్ కలిసి ఉండదు. ప్యాకేజీ కొని మళ్లీ సొంత సీసా తెరిపిస్తే ఒకే గ్లాసుకి రెండుసార్లు కట్టినట్టు. ఒకవేళ మీ టికెట్‌తోనే ప్యాకేజీ కలిపి ఇచ్చి ఉంటే, పెళ్లిరోజు సీసా తప్ప ఇంకేదీ మోయకండి.

బయటి మద్యాన్ని అసలు రానివ్వని ఓడ అయితే, ముందుగా కొనుక్కునే వైన్ సీసాల ప్యాకేజీ ఏమైనా ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు నాలుగో ఆరో సీసాలు కలిపి విడిగా కొనేదానికన్నా తక్కువకి ఇస్తాయి. మీ తాగుడు అలవాటుకి రోజువారీ ప్యాకేజీ కన్నా అదే నయం.

అమ్మగారి గురించి ఇంకో మాట. ఉచిత సీసా అనేది తాగేవాళ్లకని కాదు, పెద్దవాళ్లలో మనిషికి ఒకటి. అంటే ఆమె పేరు మీద కూడా ఒకటి వస్తుంది. అలా ఐదో సీసా తీసుకెళ్తే 25 గ్లాసులు అవుతాయి, ఓడలో రెండు సీసాలకి బదులు ఒక్కటి కొంటే చాలు. కానీ ఆ సీసా ఆమె చేతి సంచిలో ఉండాల్సి రావచ్చు, స్కానర్ దగ్గర ఎవరిదని అడిగితే ఆమె నాదే అనాల్సి రావచ్చు. కొందరు పెద్దవాళ్లకి అది అసలు ఇష్టం ఉండదు. ముందే అడగండి. ఆమె సరే అంటేనే తీసుకెళ్లండి. ఆమెకి తెలియకుండా సంచిలో పెట్టడం మాత్రం ఎంతమాత్రం వద్దు. అక్కడ వరుసలో నలుగురి మధ్య ఆమె సంచి తెరిపిస్తే ఆ అవమానానికి ఆ ఒక్క సీసా మీద మిగిలే 32 డాలర్లు సరితూగవు.

సర్దుకునే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే విమానంలో వెళ్లి ఓడెక్కేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. విమానంలో 100 మి.లీ. దాటిన ద్రవాలు చేతి సంచిలో చాలాచోట్ల ఒప్పుకోరు కాబట్టి వైన్‌ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. ఓడ దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. పెద్ద పెట్టెలు కూలీలకి ఇచ్చేస్తాం, వైన్ మాత్రం మన చేతి సంచిలో ఉండాలి. కాబట్టి గట్టు మీద పెట్టెలు అప్పజెప్పేముందే సీసాలు బయటికి తీయండి. మరిచిపోతే ఏమవుతుందంటే, స్కానర్‌లో సీసా కనబడిన పెట్టెని పక్కన పెట్టేస్తారు. సాయంత్రం అందరి పెట్టెలూ క్యాబిన్ తలుపుల దగ్గరికి వస్తాయి, మీది రాదు. భోజనానికి వేసుకోవాల్సిన బట్టలు, మాత్రలు అందులోనే ఉంటాయి. కింది డెక్‌లో సెక్యూరిటీ వాళ్ల గది వెతుక్కుంటూ వెళ్లి, వరుసలో నిలబడి, వాళ్ల ముందు పెట్టె తెరిచి చూపించాలి. మొదటి సాయంత్రం అలా పాడుచేసుకోకండి.

బరువు కూడా చూసుకోండి. నిండు సీసా ఒక్కోటి కిలోంపావు నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. నాలుగు సీసాలు ఐదారు కిలోలు. అదనపు బరువుకి విమానం వాళ్లు తీసుకునే చార్జీ పడితే ఇంతసేపు మనం మిగుల్చుకున్నదంతా అక్కడే పోతుంది. పెళ్లిరోజు సీసా ఒక్కటే ఇంటి నుంచి బట్టల మధ్య చుట్టి తీసుకెళ్లి, మిగతావి ఓడెక్కే ఊళ్లో కొనుక్కోవడం మేలు.

దారిలో రేవుల్లో వైన్ కొనాలనిపిస్తే కొనండి గానీ, అది ఓడలో తాగడానికి అనుకోకండి. చాలా కంపెనీలు తిరిగి ఎక్కేటప్పుడు ఆ సీసాలు తీసుకుని, రసీదు ఇచ్చి, చివరి రాత్రి గానీ దిగే రోజు గానీ తిరిగి ఇస్తాయి. ఓడలోని డ్యూటీఫ్రీ షాపులో కొన్న సీసాలకీ అంతే.

ఇక బావగారి విస్కీ. వద్దని గట్టిగా చెప్పండి. వైన్ విషయంలో ఎంత ఉదారంగా ఉన్న కంపెనీలైనా విస్కీ, వోడ్కా లాంటివి వచ్చేసరికి చాలావరకు ఒక్క చుక్క కూడా ఒప్పుకోవు. మౌత్‌వాష్ సీసా ఉపాయం ఎంత పాతదంటే, సెక్యూరిటీ వాళ్లు అన్నిటికన్నా ముందు చూసేది దాన్నే. దొరికితే పారబోస్తారు, తిరిగి ఇవ్వరు. టికెట్‌తో పాటు మనం ఒప్పుకున్న షరతుల ప్రకారం నిబంధన మీరినవాళ్లని ఓడ దింపేసే అధికారం కూడా వాళ్లకి ఉంటుంది. అంతదాకా వెళ్లేది అరుదే. కానీ ఒక సీసా విస్కీ కోసం ఐదుగురి సెలవుని పణంగా పెట్టడం ఏం న్యాయం? ఇలా దొంగచాటుగా తెచ్చేవాళ్ల వల్ల మిగతావాళ్లకి జరిగిన నష్టం కూడా ఉంది. 2015 జూలైలో కార్నివాల్, నార్వీజియన్ రెండూ ప్రయాణికులు మంచినీళ్ల సీసాలు తెచ్చుకోవడాన్నే నిషేధించాయి, నీళ్ల సీసాల్లో మద్యం దాచి తెస్తున్నారని. అప్పటిదాకా తమ నీళ్లు తాము తెచ్చుకున్నవాళ్లు ఓడలో కొనుక్కోవాల్సి వచ్చింది. బావగారికి విస్కీ కావాలంటే ఓడ బార్‌లో రెండు రోజులకో పెగ్గు తీసుకోమనండి. వైన్ మీద మిగిలిన 69 డాలర్లలో నాలుగు పెగ్గులకి సరిపోతుంది.

చివరగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. పైన చెప్పిన ఫీజులు, పరిమితులు కంపెనీలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మారుస్తుంటాయి. బుక్ చేసిన నాడు ఉన్నది ఓడెక్కే నాటికి ఉంటుందన్న హామీ లేదు. బయల్దేరడానికి వారం ముందు మీ కంపెనీ సైట్‌లో మద్యం నిబంధనల పేజీ తెరిచి నాలుగు విషయాలు చూడండి: మనిషికి ఎన్ని సీసాలు, ఫీజు గట్టు మీదా లేక తెరిచినప్పుడా, క్యాబిన్‌లో తాగితే ఉచితమేనా, మీరు ఎక్కే రేవు నుంచి మద్యానికి వయసు పరిమితి ఎంత. ఉత్తర అమెరికా రేవుల నుంచి ఎక్కేవాళ్లకి సాధారణంగా 21 ఏళ్లు, యూరప్ నుంచైతే చాలాచోట్ల 18. ఆ పేజీని తేదీ కనబడేట్టు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో ఉంచుకోండి. గట్టు మీద పనిచేసేవాళ్లలో అందరికీ అన్ని నిబంధనలూ తెలిసి ఉండవు. నాలుగు సీసాలకి ఎవరైనా అభ్యంతరం చెబితే వాదనకి దిగకుండా ఫోన్ చూపించి, సూపర్‌వైజర్‌ని పిలవమని అడగండి.